ఆర్నో పొంగిన రోజు - తడిసిన గ్రంథాల చరిత్ర

నదీతీరాలలో నాగరికతలు వికసించినవని చరిత్రకారులు చెప్పుతూ ఉంటారు. ఆ నాగరికతలు వ్రాసి దాచుకొన్న గ్రంథాలకు కూడా మానవుడు తరచుగా నది ఒడ్డునే ఇల్లు కట్టించాడు. ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరంలో జాతీయ కేంద్ర గ్రంథాలయం 1935లో ఆర్నో నది పక్కన నిర్మించిన కొత్త భవనంలో ప్రారంభమయింది. మరుసటి సంవత్సరమే, 1936లో, హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున తన కొత్త భవనంలో ప్రవేశించింది. ఈ రెండు నదులూ నమ్మదగినవి కావని ఆ రెండు నగరాలకూ అప్పటికే బాగా తెలుసు. 1908 సెప్టెంబరు 28వ తేదీ నాటి మూసీ వరదను కళ్ళారా చూచినవారు 1936 నాటికి నగరంలో ఇంకా ఎందరో జీవించే ఉన్నారు. ఫ్లారెన్సు సంగతి మరింత విచిత్రం. ఆర్నో 1333 నవంబరు 4వ తేదీన పొంగి ఆ ఊరి ప్రాచీన వంతెనను కొట్టుకొనిపోయింది. తరువాత 1557లో పొంగింది. 1844లో మళ్ళీ పొంగింది. నీరు ఎంత ఎత్తుకు వచ్చినదో తెలిపే రాతి ఫలకాలు ఆ నగరంలో గోడగోడకూ కనిపిస్తాయి. ఆ ఫలకాలను చదువగలిగినవారే తమ అమూల్య గ్రంథసంచయాలను నేలమాళిగలో పెట్టించారు.

1966 నవంబరు 4వ తేదీన, అనగా 1333 నాటి వరద వచ్చిన తేదీననే, ఆర్నో మరల నగరంలో ప్రవేశించింది. అది ఇటలీలో సెలవు దినం. కార్యాలయాలు, మ్యూజియములు, అంగళ్ళు మూసి ఉన్నవి. ముందురోజంతా ఎడతెగని వాన. రాత్రి కావలివాళ్ళు కబురు చేయగా వంతెనమీది బంగారు వర్తకులు మాత్రం లేచివచ్చి తమ సరకు తీసికొనిపోయినారు. తక్కిన నగరానికి హెచ్చరిక అందలేదు. గ్రంథాలయానికీ అందలేదు. సాంతా క్రోచే పేటలో నీరు ఆరు మీటర్లకు పైగా లేచింది. ఇళ్ళను వెచ్చబెట్టుకొనుటకు శీతకాలం కోసం నింపి ఉంచుకొన్న నూనె తొట్లు పగిలి, ఆ నల్లని నూనె బురదతో కలిసి గోడలకూ, చిత్రాలకూ, పుస్తకాలకూ పట్టింది. నీరు తీసిన తరువాత ఊరిలో మిగిలిన బురద ఆరు లక్షల టన్నులని లెక్క కట్టారు. నగరంలోనూ పరిసరాలలోనూ ముప్పదిమందికి పైగా మరణించారు.

కళాఖండాలకు కలిగిన నష్టాన్ని లోకం వెంటనే గుర్తించింది. చిమబూయే చిత్రించిన శిలువ మీది వర్ణలేపనంలో సగానికి మించిన భాగం రాలి నీటిలో కొట్టుకొనిపోయింది. గిబెర్తీ పోతపోసిన స్వర్గద్వారాల ఫలకాలు అయిదు ఊడిపడినవి. ఆ ఛాయాచిత్రాలు దేశదేశాల పత్రికలలో వచ్చినవి. పుస్తకాల కథ అంత తొందరగా బయటికి రాలేదు. తడిసిన పుస్తకం ఛాయాచిత్రానికి అందంగా ఉండదు. కాని లెక్క చూస్తే అసలు విపత్తు అక్కడే జరిగింది. జాతీయ గ్రంథాలయంలో పది లక్షలకు మించిన గ్రంథాలు, పత్రికలు, కరపత్రాలు నీట మునిగినవి. అవి ఆ గ్రంథాలయ సంపదలో దాదాపు మూడవ వంతు. గ్రంథాలయానికి మూలపురుషుడైన మల్యబెక్కీ సంచయమూ, ప్రభువుల పలాటినా సంచయమూ మునిగిన వాటిలో ఉన్నవి. వియెస్సో గ్రంథాలయంలో రెండున్నర లక్షల సంపుటాలు తడిసినవి. ఉఫ్ఫీజీ భవనం కింది అంతస్తులో ఉన్న రాజ్య పత్రాగారంలోని ప్రాచీన పత్రాలూ బురద పాలయినవి. వీటన్నిటికంటె ఎక్కువ చిక్కు తెచ్చిన సంగతి మరొకటి: గ్రంథాలయపు సూచికా పత్రాలు కూడా తడిసినవి. ఏ పుస్తకం ఉన్నదో, ఏది పోయినదో చెప్పవలసిన సాక్షి తానే మునిగిపోయింది.

గ్రంథాలయాధ్యక్షుడు ఎమాన్యుయేలె కసమస్సీమా. ఆయన మొదట చేసిన పని సహాయాన్ని ఎవరు తెచ్చినా కాదనకపోవడం. విద్యుత్తు లేదు, తాగే నీరు లేదు. విద్యార్థులు, సైనికులు, పరదేశాల నుండి వచ్చిన యువతీయువకులు చీకటి మాళిగలలో దిగి, మెట్ల పొడుగునా వరుసగా నిలబడి, ఒకరి చేతినుండి ఒకరి చేతికి బురదముద్దలను పైకి అందించారు. ఆ ముద్దలలో ఒక్కొక్కటి ఒక్కొక్క గ్రంథం. కుళ్ళిన తోలు దుర్వాసన భరించలేక కొందరు విషవాయువుల ముసుగులు తొడుగుకొన్నారు. పత్రికలవారు వారికి బురద దేవదూతలని పేరు పెట్టారు. ఆ పేరు ఇటలీలో నేటికీ నిలిచి ఉన్నది. వారిలో చాలమంది ఇరవై యేండ్ల లోపువారు. తాము మోస్తున్నది ఏ శతాబ్దపు గ్రంథమో వారిలో ఎందరికి తెలుసు? తెలియవలసిన పని లేదు. ఆ వారం రోజులలో పండితుడికంటె బలమైన చేతులు గలవాడే గ్రంథానికి ఎక్కువ పనికివచ్చాడు.

పైకి తెచ్చిన పుస్తకాన్ని ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు ఆనాడు ఎవరి వద్దా సిద్ధమైన సమాధానం లేదు. రైలు స్టేషనులోని ఆవిరి యంత్రశాలలో తొట్లు పెట్టి పుస్తకాలను కడిగారు. పుటల మధ్య అద్దుడు కాగితాలు పెట్టారు. రంపపు పొట్టు చల్లారు. వేలకొలది సంపుటాలను లారీలకెక్కించి కొండప్రాంతపు పొగాకు బట్టీలకు పంపారు. మన గుంటూరు, ఒంగోలు సీమల పొగాకు బ్యారన్లలో ఆకు మండెలు వేలాడదీసినట్లే, అక్కడి బట్టీలలో వేడిగాలికి గ్రంథాలను ఆరబెట్టారు. ఇటుకల ఆవాలలో కూడా ఆరబెట్టారు. ఇవన్నీ చేతికందిన ఉపాయాలు. కొన్ని మేలు చేసినవి, కొన్ని కీడు చేసినవి. వేడికి చర్మపత్రం ముడుచుకొనిపోయింది, తోలు అట్టలు పెళుసెక్కి విరిగినవి. కడగకముందే ఆరబెట్టిన చోట్ల బురద సిమెంటువలె గట్టిపడి, మళ్ళీ తడిపితేగాని వదలలేదు. ఆనాటివారిని తప్పుపట్టడం సులభం. కాని గ్రంథాలు బూజు పట్టడానికి రెండుమూడు రోజులు చాలు. ఆలోచన చేస్తూ కూర్చున్నవాడికి చివరకు బూజే మిగులుతుంది.

ఇంగ్లండు నుండి పీటర్ వాటర్సు నాయకత్వంలో కొందరు గ్రంథబంధకులు వచ్చి, గ్రంథాలయంలోనే ఒక మరమ్మతుశాలను ఏర్పాటు చేశారు. ప్రతి పుస్తకానికీ ఒక చీటీ వ్రాసి, దాని స్థితి ఏమిటో, విప్పి కడగవలసినదో, తుడిస్తే చాలునో, ఎట్లు తిరిగి కుట్టవలెనో అందులో గుర్తులు పెట్టారు. వైద్యశాలలో రోగి తలాపున వ్రేలాడే కాగితం వంటిది అది. గ్రంథరక్షణ ఒక వృత్తిగా, ఒక శాస్త్రంగా స్థిరపడింది ఆ చీటీలతోనే అనవచ్చును. చినిగిన పుటలను అతికించుటకు వారు ఎన్నుకొన్నది జపాను దేశపు పలుచని నార కాగితం. పడమటి పుస్తకాలకు తూర్పు కాగితం ప్రాణం పోసింది.

ఈ పనిలో తేలిన ఒక సత్యం సాహిత్యకారులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. పదహారవ శతాబ్దంలో గుడ్డపీలికలతో చేసి జిగురు పట్టించిన కాగితం నీటిలో నానినా, కడిగినా, ఆరబెట్టినా నిలబడింది. అట్ట లేకుండా మెత్తని చర్మపత్రాన్ని మాత్రమే చుట్టి కుట్టిన సాదా పుస్తకాలు, బంగారు పూతల తోలు అట్టల పుస్తకాలకంటె బాగా బతికినవి. క్రిస్టఫర్ క్లార్క్‌సన్ అనే గ్రంథబంధకుడు దీనిని గమనించి, పాత పద్ధతికి మళ్ళీ గౌరవం కలిగించాడు. కాగా, ఆధునిక యుగపు నునుపు కాగితం మీద అచ్చయిన పుస్తకాలు తడిసి ఆరగానే ఒకే దిమ్మగా అతుక్కుపోయినవి. వార్తాపత్రికల గుట్టలు ముద్దలైనవి. నాలుగు వందల యేండ్ల వయస్సు గల పుస్తకం బతికి, నలభై యేండ్లది చచ్చింది.

ఫ్లారెన్సు నేర్పిన మరొక పాఠం ఆ ఊరిలో కాక వేరొకచోట ఫలించింది. 1972 జూన్‌లో అమెరికాలో తుఫాను వరదకు కార్నింగ్ పట్టణపు గాజువస్తువుల మ్యూజియం మునిగినప్పుడు, తడిసిన పుస్తకాలను ఆరబెట్టకుండా గడ్డకట్టించారు. మంచులో ఉన్న పుస్తకానికి బూజు పట్టదు. ఏ పుస్తకాన్ని ముందు బాగుచేయాలో నిదానంగా నిర్ణయించుకొనే వ్యవధి దొరుకుతుంది. తరువాత శూన్యావరణంలో ఆ మంచును నీరు కానీయకుండా నేరుగా ఆవిరిగా లాగివేస్తారు. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో చేరిన పీటర్ వాటర్సు 1975లో తడిసిన గ్రంథాలను రక్షించే పద్ధతులను ఒక చిన్న పుస్తకంగా వ్రాశాడు. ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో గ్రంథాలయాలవారు విపత్తు వచ్చినప్పుడు మొదట వెదకినది ఆ పుస్తకాన్నే. 1988 ఫిబ్రవరిలో లెనిన్‌గ్రాడులోని శాస్త్ర పరిషత్తు గ్రంథాలయం తగులబడినప్పుడు కాలిపోయినవి సుమారు నాలుగు లక్షల సంపుటాలు. మంటలార్పే నీటికి తడిసినవి ముప్పదియారు లక్షలు. ఊరి జనం తడి పుస్తకాలను ఇళ్ళకు తీసికొనిపోయి, బట్టలు ఆరవేసే తాళ్ళ మీద ఆరవేసి తిరిగి తెచ్చి ఇచ్చారు. నిప్పుకంటె నిప్పునార్పే నీరే గ్రంథానికి పెద్ద శత్రువన్న విచిత్ర సత్యం అప్పుడు లోకానికి బోధపడింది. 2004 సెప్టెంబరులో జర్మనీలోని వైమారు నగరంలో అన్నా అమాలియా గ్రంథాలయం అంటుకొన్నప్పుడు ఏబదివేల సంపుటాలు బూడిద అయినవి. తడిసినవాటిని వెంటనే గడ్డకట్టించి లైప్‌జిగ్‌కు పంపగలిగారు.

ఇక మన సంగతి. తెలుగువారి పూర్వులకు గడ్డకట్టించే యంత్రాలు లేవు, మరమ్మతుశాలలు లేవు. అయినా విపత్తుకు ఒక సిద్ధత వారికి ఉండేది. అది ప్రతి వ్రాసుకోవడం. తాటియాకు ఎంత జాగ్రత్తగా చూచుకొన్నా మన ఉక్కకు, పురుగుకు కొన్ని తరాలకు మించి ఆగదు. కనుక శిథిలమైన గ్రంథాన్ని చూచి కొత్త ఆకుల మీద గంటంతో ప్రతి తీయడం నిత్యధర్మంగా సాగింది. ఒక ఊరిలో ఇల్లు కాలితే మరొక ఊరిలో అల్లుడివారి ఇంట ఒక ప్రతి ఉండేది. వంటింటి అటక మీద పొగ తగిలేచోట కట్టలు పెట్టడం, గుడ్డలో చుట్టడం, వస కొమ్ము పొడి ఉంచడం, ఎండ పొడ చూపించడం ఇవన్నీ అందరికీ తెలిసిన సంగతులే. లేఖకులు ప్రతి చివర వ్రాసుకొనే విన్నపాలలో నీటిభయమూ, నూనె భయమూ, వదులైన కట్టు భయమూ కనిపిస్తాయి. తాటియాకు గ్రంథానికి ఒక ఆత్మరక్షణ కూడా ఉన్నది. గంటం ఆకును చీల్చి గీస్తుంది. మసి పూయడం చదువుట సులభం కావడానికే. నీటిలో పడి మసి కడుగుకొనిపోయినా గీత మిగులుతుంది. ఆరబెట్టి మళ్ళీ మసి పూస్తే అక్షరం మళ్ళీ కనిపిస్తుంది. అయితే ఆకులు ఒకదానికొకటి అంటుకొని బూజు పట్టకముందే ఆ పని జరగాలి.

ఈ సిద్ధత అందరినీ కాపాడలేదు. శ్రీనాథుని మరుత్తరాట్చరిత్ర, శాలివాహన సప్తశతి గ్రంథాలుగా మనకు దక్కలేదు. తిక్కన విజయసేనం నుండి చెదురుమదురు పద్యాలే దక్కినవి. దక్కిన ఆ కొద్దీ ఎట్లు దక్కినదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. లక్షణకర్తలు ఉదాహరణకై ఎత్తుకొన్నవి, సంకలనకర్తలు నీతికై ఏరుకొన్నవి మిగిలినవి. మడికి సింగన సకలనీతిసమ్మతం కూర్చినప్పుడు తాను నష్టగ్రంథాలకు ఆశ్రయం కల్పిస్తున్నానని అనుకొని ఉండడు. కాని మూలగ్రంథాలు పోయిన తరువాత కొన్నిటికి ఆయన సంకలనమే ఇల్లయింది. నన్నెచోడుని కుమారసంభవం 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించే వరకు పండితలోకానికి తెలియదు. అంతకాలం దానిని చీకటిలో మోసినది పేరు తెలియని లేఖకుల చేతులే.

పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో ఈ ప్రతి తీసే అలవాటు సన్నగిల్లుతున్న సమయాన కర్నలు కాలిన్ మెకంజీ సేకరణ సాగింది. ఆయన వెనుక నడిచినది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే ముగ్గురు తెలుగు సోదరులు. బొర్రయ్య 1803లోనే మరణించగా, తమ్ములు పని సాగించారు. గ్రామాలలో కరణాల వద్ద ఉండిన కవిలెలను చూచి వ్రాయించిన కైఫీయతులే నేడు మనకు గ్రామచరిత్రలు. మూలమైన కవిలెలు చాలావరకు పోయినవి. 1821లో మెకంజీ మరణించిన తరువాత కుంపిణీవారు ఆ సేకరణను కొన్నారు. అది లండనుకూ, కలకత్తాకూ, మద్రాసుకూ చీలిపోయింది. ఆ చీలికను విచారించేవారు చాలమంది ఉన్నారు. కాని ఒకేచోట కుప్పగా పడి ఉండకపోవడం కూడా ఒక రక్షణే అన్న మాట కొట్టివేయదగినది కాదు. మద్రాసుకు వచ్చిన భాగంలో కాగితాలు పురుగు తిని చివికిపోతూ ఉండగా, 1830 దశాబ్దంలో విలియం టైలర్ వాటిని పరిశీలించి, శిథిలమైనవాటిని కొత్త సంపుటాలలో తిరిగి వ్రాయించాడు. బ్రౌను కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు పోల్చి వ్రాయించినదీ ఇదే తీరున. ఇదంతా వరద లేకుండా, నిప్పు లేకుండా, నెమ్మదిగా జరిగే విపత్తుకు ప్రతీకారం. ఆ పండితుల పేర్లను పీఠికల మూలలలో కాక మరికొంత పైకి తేవలసి ఉన్నది.

అచ్చు వచ్చింది. ఒక గ్రంథానికి వేయి ప్రతులు ఉన్నప్పుడు ఇక భయమేమని అందరూ ధైర్యం తెచ్చుకొన్నారు. ప్రతి తీసే చేయి ఆగిపోయింది. కాని వేయి ప్రతులలో తొమ్మిదివందల తొంభై చిల్లర దుకాణాలకు పోగా, చివరకు ఒక గ్రంథాలయంలో ఒక్కటే మిగిలిన పుస్తకాలు, పత్రికలు తెలుగులో లెక్కలేనన్ని. ముద్రణ యుగం తెలియకుండానే మనలను తిరిగి ఏకప్రతి యుగానికి చేర్చింది. వెనుకటి ఏకప్రతి తాటియాకు మీద ఉండేది. ఇప్పటిది చేతబట్టగానే పొడి రాలే కొయ్యగుజ్జు కాగితం మీద ఉన్నది. ఫ్లారెన్సులో ముద్దయినది ఇటువంటి కాగితమే.

దక్షిణాసియాలో ఏకస్థానసంచయం ఎంత ప్రమాదకరమో చూపిన ఘటన 1981 మే 31, జూన్ 1 తేదీల నడుమ రాత్రి సింహళద్వీపంలో జరిగింది. యాళ్పాణం, అనగా జాఫ్నా, సార్వజనిక గ్రంథాలయాన్ని దుండగులు తగులబెట్టారు. సుమారు 97,000 సంపుటాలు, తాళపత్రాలు బూడిద అయినవి. 1959లో ప్రారంభమైన ఆ భవనపు రూపకల్పనలో మన రంగనాథన్‌గారి సలహాలు ఉన్నవి. నీటికి తడిసినదానిని కడగవచ్చును. పగకు కాలినదానిని ఏమి చేయాలి? భవనాన్ని మళ్ళీ నిర్మించి 2004లో తెరిచారు. పుస్తకాలను లోకంలోని తమిళులు పంపారు. మరొకచోట ప్రతి లేని తాటియాకులను పంపగలవారు ఎవరూ లేరు.

మన దేశంలో 2014 సెప్టెంబరులో జీలం వరద శ్రీనగరులోని శ్రీప్రతాపసింహ మ్యూజియంలో ప్రవేశించింది. 2016 ఏప్రిల్ 26వ తేదీన ఢిల్లీలోని జాతీయ ప్రకృతిచరిత్ర మ్యూజియం, 1978 నుండి కూర్చుకొన్న సంపదతో సహా, కాలిపోయింది. 2017లో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికారసంస్థ మ్యూజియములకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రకటించింది. మంచి గ్రంథమే. కాని జిల్లా ఊళ్ళలో ఒక్క గుమాస్తాతో నడిచే గ్రంథాలయపు బల్ల మీదికి అది ఎన్నడు చేరుతుందో చెప్పడం కష్టం. 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత తెలుగు పత్రికల సంపుటాలు ఉన్నవి. పరిశోధకులు అక్కడికి యాత్ర వెళ్ళినట్లు వెళ్తారు. ఆ ఊరు సముద్రానికి దూరం కాదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచింది. 2023 డిసెంబరు 5వ తేదీన మరొక తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. హైదరాబాదులో మూసీ వరదలను అదుపు చేయుటకు విశ్వేశ్వరయ్యగారి సలహా ప్రకారం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు కట్టారు. నది ఒడ్డున కట్టిన గ్రంథాలయం మాత్రం నది ఒడ్డుననే ఉన్నది.

ఈ విషయంలో ధనం లేకుండా జరిగే పనులు కొన్ని ఉన్నవి. అరుదైన సంపుటాలు కింది అరలో ఉండకూడదు. ఏబది పుస్తకాల పట్టిక ఒకటి వ్రాసి, నిప్పు వచ్చినా నీరు వచ్చినా మొదట తీయవలసినవి ఇవి, ఈ బీరువాలో, ఈ అరలో ఉన్నవి అని కావలివాడికి కూడా తెలిసేటట్లు గోడకు తగిలించాలి. గ్రంథసూచి ప్రతి ఒకటి వేరొక ఊరిలో ఉండాలి. ఛాయాప్రతులు తీసిన సంస్థలు వాటిని అదే భవనంలో భద్రపరచడం ఎంతమాత్రం పనికిరాదు. పట్టిక వ్రాయడంలోనే అసలు కష్టం ఉన్నది. ఏబది పుస్తకాలను ఎన్నుకొనడం అంటే తక్కినవాటిని నీటికి వదలడానికి ముందుగానే ఒప్పుకొనడం. ఆ నిర్ణయాన్ని గ్రంథాలయ గుమాస్తా మీద వదలివేయడం న్యాయం కాదు. ఏ పత్రిక ఏ ఒక్కచోటనే ఉన్నదో, ఏ వ్రాతప్రతికి రెండవ ప్రతి లేదో చెప్పగలవారు రచయితలూ పరిశోధకులే. వారు వెళ్ళి కూర్చుని వ్రాయించాలి.

ఫ్లారెన్సు గ్రంథాలయంలో 1966 నాటి పుస్తకాల మరమ్మతు ఏబది సంవత్సరాల తరువాత కూడా పూర్తి కాలేదు. సాంతా క్రోచేలో ఆనాడు పన్నెండు గంటలకు పైగా నీటిలో ఉండిపోయిన వసారీ చిత్రం, క్రీస్తు కడపటి విందు, కొయ్య పలకల మీద వ్రాసినది. దానిని బాగుచేసే ఉపాయం నలభై యేండ్ల వరకు ఎవరికీ తోచలేదు. చివరకు 2016 నవంబరులో, వరద వచ్చిన ఏబదియేండ్లకు, దానిని మళ్ళీ గోడకు ఎక్కించారు. ఈసారి దాని వెనుక బరువులు, గిలకలు అమర్చారు. ఆర్నో పొంగుతున్నదని కబురు రాగానే, మన నూతి గిలక మీద బొక్కెన లాగినట్లు, ఆ చిత్రాన్ని నీటికి అందనంత పైకి లాగివేయవచ్చును.